స్పానిష్ సొంతంగా నేర్చుకునేవారి చిక్కులు: లక్షణం, కారణం, పరిష్కారం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో స్పానిష్ నేర్పే మనిషి దొరకడం కష్టం. హైదరాబాదులోని ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల) విశ్వవిద్యాలయంలో స్పానిష్ విభాగం ఉంది, న్యూఢిల్లీలో స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్తితూతో సెర్వాంతెస్ ఉంది. అయితే ఉద్దానం నుంచి ఓడల మీద పనికి వెళ్లే కుర్రవాడికి గానీ, రాజాంలో ఇంజనీరింగు చదివే అమ్మాయికి గానీ అంత దూరం వెళ్లి క్లాసులో కూర్చునే వీలు ఉండదు. అందుకే ఇక్కడ చాలామంది ఒక ఫోను, ఒక పుస్తకం, ఇయర్‌ఫోన్లతో మొదలుపెడతారు. వారికి ఎదురయ్యే ఇబ్బందులు చూడటానికి వేరువేరుగా కనిపించినా, చాలావాటికి మూలం ఒక్కటే: స్పానిష్‌ను ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవడం. తెలుగు నుంచి నేరుగా వెళ్తే దారి చాలాచోట్ల దగ్గరవుతుందని నా గట్టి నమ్మకం. కింది పరిష్కారాల్లో ఎక్కువ భాగం ఆ నమ్మకం మీదే నిలబడి ఉన్నాయి.

యాప్‌లో పాఠాలు పూర్తయ్యాయి, నోరు మాత్రం పెగలడం లేదు

తెరమీద నాలుగు జవాబులు కనిపిస్తే సరైనది ఠక్కున పట్టుకోగలరు, కానీ "నిన్న ఏం చేశారు?" అని ఎవరైనా స్పానిష్‌లో అడిగితే మొదటి మాటే బయటికి రాదు. కారణం తెలివితేటల్లో లేదు, సాధనలో ఉంది. ఎదురుగా ఉన్న మాటను గుర్తుపట్టడం ఒక పని, లేని మాటను జ్ఞాపకంలోంచి తవ్వి తీయడం ఇంకొక పని. యాప్ మొదటిదాన్నే ఎక్కువగా చేయిస్తుంది.

దీనికి పరిష్కారం, చదివే సమయంలో కనీసం సగాన్ని పైకి మాట్లాడటానికి మార్చుకోవడం. పుస్తకంలోని సంభాషణను ముందుగా తెలుగులో రాసుకుని, పుస్తకం మూసి, ఆ తెలుగు చూస్తూ స్పానిష్‌లో పలికి, దాన్ని ఫోనులో రికార్డు చేసి అసలు పాఠంతో పోల్చుకోవాలి. ఎక్కడ ఆగిపోయారో, ఏ క్రియ తప్పిందో మీ గొంతే మీకు చెబుతుంది. ఆ తరువాత భాషా మార్పిడికి ఒక తోడును ఆన్‌లైన్‌లో వెతుక్కోవాలి. స్పెయిన్ మనకంటే వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక ఉంటుంది కనుక, మన రాత్రి భోజనం అయ్యే వేళకు అక్కడివారు సాయంత్రం తీరిక చేసుకోగలుగుతారు.

భాష వచ్చిన మనిషి లేకుండా భాష రాదన్న సంగతికి సాక్ష్యం కోసం మనం దూరం వెళ్లనక్కర్లేదు. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకోవాలనుకున్నప్పుడు ఆయనకు వ్యాకరణ పుస్తకమూ లేదు, నిఘంటువూ లేదు. రెండు భాషలూ తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, వింటూ, రాసుకుంటూ నేర్చుకున్నారు. 1931లో అచ్చయిన సవర వ్యాకరణం ఆ పద్ధతి ఫలమే.

పలికిన మాట ఎదుటివారికి అందడం లేదు

ఈ చిక్కు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగువారికి ఇది ఉండనవసరం లేని చిక్కు. ఇంగ్లీషు అలవాటుతో చాలామంది స్పానిష్ "టి"ని ట గానూ "డి"ని డ గానూ పలుకుతారు. స్పానిష్‌లో అవి మన త, ద లే. టొమాటోను వాళ్లు "తొమాతే" అంటారు. క, త, ప లను ఊపిరి ఒత్తకుండా పలకడం ఇంగ్లీషు వారికి పెద్ద సాధన, మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. అలాగే రకారం. "పేరో" అంటే "కానీ" అని అర్థం, "పెర్రో" అంటే కుక్క. ఈ తేడా పలకడానికి ఇంగ్లీషువారు నెలల తరబడి నాలుక తిప్పుతారు. మనం చెరువులోని ర, గొర్రెలోని ర్ర రోజూ పలుకుతూనే ఉన్నాం. గుర్తుంచుకోవలసింది ఒక్కటే: మాట మొదట్లో వచ్చే రకారాన్ని స్పానిష్‌లో ఎప్పుడూ గొర్రెలోని ర్రలాగే గట్టిగా పలకాలి.

మన తెలుగు అలవాటే అడ్డుపడే చోట్లు కూడా ఉన్నాయి. మాట మొదటి ఎ ని "యె" గా, ఒ ని "వొ" గా పలకడం మనకు తెలియకుండానే జరిగిపోతుంది. దాంతో "ఎస్పాన్యోల్" కాస్తా "యెస్పాన్యోల్" అవుతుంది, ఎనిమిదికి మాటైన "ఓచో" కాస్తా "వోచో" అవుతుంది. అద్దం ముందు నిలబడి, నోరు తెరిచి ఉంచి, నాలుకనూ పెదవులనూ ముందుగా కదపకుండా నేరుగా అచ్చుతో మొదలుపెట్టడం సాధన చేస్తే కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. రెండోది చకారం. మనం చీరలో ఒక చ, చుక్కలో ఇంకొక చ పలుకుతాం. స్పానిష్‌లో ఉన్నది చీరలోని చ మాత్రమే, కాబట్టి "ముచో", "నోచే" వంటి మాటల్లో చుక్కలోని చ రాకుండా చూసుకోవాలి. మూడోది, హల్లుతో ముగిసే మాటకు చివర ఉకారం చేర్చడం: "ఆబ్లార్" అన్నది "ఆబ్లారు" కాకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం. తెలుగులో ఊనిక మారితే అర్థం మారదు, స్పానిష్‌లో మారుతుంది. "ఆబ్లో" అన్న మాటలో మొదటి అక్షరాన్ని నొక్కితే "మాట్లాడతాను" అని, చివరి అక్షరాన్ని నొక్కితే "అతను మాట్లాడాడు" అని అర్థం. నియమం కష్టమైనది కాదు: మాట అచ్చుతో గానీ, న్, స్ లతో గానీ ముగిస్తే చివరి నుంచి రెండో అక్షరం మీద ఊనిక ఉంటుంది, ఇతర హల్లులతో ముగిస్తే చివరి అక్షరం మీద ఉంటుంది, దీనికి భిన్నంగా ఉన్న ప్రతిచోటా రాతలో అచ్చు మీద గీత పెడతారు. ఆ గీతను అలంకారం అనుకుని వదిలేసేవారే ఎక్కువ. కొత్త మాటను నోటుబుక్కులో రాసుకునేటప్పుడు ఊనిక ఉన్న అక్షరం కింద గీత గీసుకుని, దాన్ని కాస్త సాగదీసి పలకడం మంచి ఉపాయం.

వ్యాకరణం చదివినా వాక్యం తప్పుతోంది

"ఉండు" అనే అర్థానికి స్పానిష్‌లో సేర్, ఎస్తార్ అని రెండు క్రియలు ఉన్నాయి. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే క్రియ కనుక ఆ దారిలో వచ్చినవారికి తికమక తప్పదు. తెలుగులో ఆలోచిస్తే సగం ముడి విడిపోతుంది. "ఆయన డాక్టరు" అన్నప్పుడు మనం క్రియే వాడం, అక్కడ స్పానిష్‌లో సేర్ వస్తుంది. "ఆయన ఇంట్లో ఉన్నాడు" అన్నచోట ఎస్తార్ వస్తుంది. "సూపు చల్లగా ఉంది" అంటే ఇప్పుడున్న స్థితి కాబట్టి ఎస్తార్, "మంచు చల్లగా ఉంటుంది" అంటే దాని స్వభావం కాబట్టి సేర్. ఉంది, ఉంటుంది అన్న తేడాను పట్టుకుంటే చాలా వాక్యాలు సరిపోతాయి. అన్నీ సరిపోవు: "చొక్కా ఎర్రగా ఉంది" అని మనం అన్నా స్పానిష్‌లో వస్తువు రంగుకు సాధారణంగా సేర్ వాడతారు, పెళ్లి ఫలానా చోట జరుగుతుందని చెప్పడానికీ సేరే వాడతారు. ఈ మినహాయింపులను విడిగా రాసుకోవాలి.

"నాకు మామిడిపళ్లు నచ్చుతాయి" అనడానికి చాలామంది "నేను" అని మొదలుపెట్టి తప్పు చేస్తారు. స్పానిష్‌లో అది "మే గుస్తాన్ లోస్ మాంగోస్". ఇందులో "మే" అంటే నాకు; క్రియ మామిడిపళ్లను బట్టి బహువచనంలో ఉంది, తెలుగులో ఉన్నట్టే. నాకు అనిపిస్తోంది, నాకు తల నొప్పిగా ఉంది, నాకు డబ్బు తక్కువైంది అనే వాక్యాలన్నీ ఈ మూసలోనే పడతాయి. ఆకలి, దాహం, భయం, చలి, వయసు మాత్రం ఇందులో చేరవు. వాటికి "కలిగి ఉన్నాను" అనే అర్థం వచ్చే "తెంగో" వాడాలి.

భూతకాలం రెండు రకాలుగా ఉండటం చూసి భయపడేవారికి కూడా ఇదే మందు. "వెళ్లాను" అంటే "ఫుయీ", "వెళ్లేవాణ్ణి" అంటే "ఈబా". చిన్నప్పుడు నాగావళి ఒడ్డుకు వెళ్లేవాణ్ణి, ఇల్లు పెద్దదిగా ఉండేది, నేను బయల్దేరేసరికి వాన పడుతోంది అనే మూడింటికీ "ఈబా" రకమైన అసంపూర్ణ భూతకాలమే సరిపోతుంది. నువ్వు, మీరు అన్న తేడా "తూ", "ఉస్తేద్" రూపంలో ఉంది కనుక దాని గురించి చెప్పనక్కర్లేదు. పెద్దవారితో, కొత్తవారితో ఉస్తేద్ వాడితే ఎక్కడా తప్పుపట్టరు.

నామవాచకాల లింగానికి మాత్రం తెలుగు సాయం చేయదు. మాటను ఒంటరిగా కాక, ముందుండే "ఎల్" (పుంలింగం) లేదా "లా" (స్త్రీలింగం) తో కలిపి బట్టీపట్టడమే దారి.

పాఠంలో అర్థమైన భాష వీధిలో అర్థం కావడం లేదు

నిదానంగా చదివిన రికార్డింగులకు చెవి అలవాటుపడటం ఒక కారణం. స్పానిష్ ఒక్కో ప్రాంతంలో ఒక్కోలా ఉండటం రెండో కారణం. స్పెయిన్ దక్షిణాన ఆందలూసియాలోనూ, క్యూబాలోనూ, చిలీలోనూ అక్షరం చివరి సకారం తరచుగా మాయమవుతుంది. స్పెయిన్‌లో బంగాళాదుంపను "పతాతా" అంటే లాటిన్ అమెరికాలో "పాపా" అంటారు. బస్సుకు మెక్సికోలో ఒక మాట, అర్జెంటీనాలో ఒకటి, క్యూబాలో ఇంకొకటి ఉన్నాయి. మన జిల్లాల్లో "బేగి రా", "ఏటి" అనే మాటలు వింటే కడప నుంచి కొత్తగా వచ్చిన తెలుగువాడు ఒక్క క్షణం ఆగినట్టే, మనం కూడా అక్కడ ఆగుతాం.

మొదట ఒకే ప్రాంతపు భాషను ఎంచుకుని దానికి కట్టుబడాలి. స్పష్టత కోరేవారు మెక్సికో నగరం, బొగొతా, గ్వాటెమాలా వంటి ఎత్తైన ప్రాంతాల స్పానిష్‌తో మొదలుపెడితే సకారాలు చెవికి బాగా వినిపిస్తాయి. అదే ప్రాంతపు రేడియో వార్తల్లో ఒక నిమిషం భాగం తీసుకుని, విన్నది విన్నట్టు రాసి, మళ్లీ విని దిద్దుకుని, చివరకు చదివేవారి వెంటే పలకాలి. గంటసేపు వెనకాల రేడియో మోగించుకోవడం కంటే ఈ ఒక్క నిమిషం సాధనే చెవిని తెరుస్తుంది.

అంత దూరం వెళ్లినా ఇంగ్లీషుతోనే గడిచిపోయింది

ఊరి ఎంపికలో పొరపాటు జరిగితే ఇలా అవుతుంది. బార్సెలోనా చూడదగిన నగరమే, కానీ అక్కడ కాటలాన్ కూడా అధికార భాష. పైగా పర్యాటకులు తిరిగే వీధుల్లో మీరు తడబడగానే జవాబు ఇంగ్లీషులో వస్తుంది. నేర్చుకోవడానికి వెళ్లేవారికి చిన్న ఊరు మేలు. స్పెయిన్‌లో సాలమాంకా నగరంలో 1218 నాటి విశ్వవిద్యాలయం ఉంది, విదేశీయులకు స్పానిష్ నేర్పడం అక్కడ స్థిరపడిన వృత్తి. గ్వాటెమాలాలోని ఆంతిగ్వాలో ఒక్క విద్యార్థికి ఒక్క టీచరు చొప్పున రోజుకు నాలుగైదు గంటలు నేర్పే బడులు చాలా ఉన్నాయి, స్థానికుల ఇంట్లో బస కూడా వారే కుదురుస్తారు. నన్ను అడిగితే హోటలు గది కంటే ఆ ఇంటి వంటగది బల్ల దగ్గర గడిపే గంటే విలువైనది. పెరూలోని కూస్కో కూడా మంచిదే కానీ అది దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉంది, సముద్రతీరం నుంచి వెళ్లేవారు మొదటి రెండు రోజులు క్లాసు పెట్టుకోకుండా విశ్రాంతి తీసుకోవాలి.

సంతలో మాట కలపడం తెలియాలి. మనం నేరుగా "ఎంత?" అని అడిగేస్తాం, అక్కడ ముందుగా "బువేనోస్ దియాస్" అని పలకరించకపోతే మొరటుగా అనిపిస్తుంది. పలకరించి, అవకాడో పండును చూపించి "ఆ కోమో ఎల్ అగ్వాకాతే?" అని అడిగితే, అమ్మే ఆవిడ ధర చెప్పి, ఎన్ని తీసుకుంటారని అడుగుతుంది. ఆ రెండో ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంచుకోవాలి, ఎందుకంటే నేర్చుకునేవారి సంభాషణలు చాలావరకు సరిగ్గా అక్కడే తెగిపోతాయి. ఎదుటివారు ఇంగ్లీషులోకి మారితే, నేర్చుకుంటున్నానని స్పానిష్‌లోనే మర్యాదగా చెప్పి కొనసాగించవచ్చు.

శాకాహారులకు ఇంకొక జాగ్రత్త. "కార్నే (మాంసం) లేకుండా" అని చెబితే కోడిమాంసమో, పంది తొడ మాంసమో ఉన్న పళ్లెం రావచ్చు, ఎందుకంటే చాలామంది దృష్టిలో కార్నే అంటే ముఖ్యంగా గొడ్డుమాంసమే. "నో కోమో కార్నే, ని పోయో, ని పెస్కాదో, ని హమోన్", అంటే మాంసం, కోడి, చేప, పంది తొడ మాంసం ఏవీ తినను అని ఒక్కొక్కటీ పేరుపెట్టి చెప్పాలి. మెక్సికోలో చిక్కుళ్ల వంటకాన్ని "మంతేకా", అంటే పందికొవ్వుతో వండుతారేమో కూడా అడగాలి.

ప్రయాణం కాగితాల దగ్గర ఆగింది

స్పెయిన్‌కు షెంగెన్ వీసా, అంటే చాలా ఐరోపా దేశాలకు ఉమ్మడిగా ఇచ్చే వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి, 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా ఉండాలి. ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజులకు మించి ఉండరాదు. కొలంబియా, పెరూ, ఈక్వడార్, బొలీవియా వెళ్లేవారు పసుపు జ్వరం టీకా మరచిపోకూడదు. వేయించుకున్న 10 రోజుల తరువాతే ఆ ధ్రువపత్రం చెల్లుతుంది, అది లేకుండా ఆ దేశాల నుంచి తిరిగివస్తే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా నిర్బంధంలో ఉంచుతారు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే ఈ టీకా వేస్తారు కనుక టికెట్టు కొన్న రోజే తేదీ అడిగి పెట్టుకోవడం మంచిది.

తిరిగి వచ్చాక నేర్చినది జారిపోతోంది

మాట్లాడే అవసరం ఒక్కసారిగా ఆగిపోవడమే దీనికి కారణం. అవసరాన్ని మనమే కల్పించుకోవాలి. సెర్వాంతెస్ సంస్థ నిర్వహించే డేలే అనే స్పానిష్ ప్రావీణ్య పరీక్షకు పేరు నమోదు చేసుకోవడం ఒక దారి. దాని డిప్లొమాకు కాలపరిమితి లేదు, ఆరు స్థాయిల్లో మీకు తగినది ఎంచుకోవచ్చు. అంతకంటే తేలికైన దారి, బస చేసిన ఇంటివారితో సంబంధం నిలుపుకోవడం. లాటిన్ అమెరికాలో వాట్సాప్‌లో గొంతు సందేశాలు పంపుకోవడం బాగా అలవాటు, కాబట్టి వారానికొకసారి ఊరి సంగతులు చెబుతూ ఒక సందేశం పంపితే జవాబు వినడమూ, తిరిగి మాట్లాడటమూ రెండూ సాగుతాయి. ఫోను చేయాలనుకుంటే, మన ఉదయం 7 గంటలకు గ్వాటెమాలాలో ముందురోజు రాత్రి 7.30 అవుతుంది, ఆ ఇంట్లో అప్పటికి అందరూ పనుల నుంచి తిరిగివచ్చి ఉంటారు.