చెన్నైలో కొత్తగా దిగిన మ్యూజిక్ వాళ్లకు: నవంబర్ సేల్ వచ్చేలోపు ఓ మాట

ఒంగోలు నుంచో నెల్లూరు నుంచో పినాకిని ఎక్కి సెంట్రల్‌లో దిగి, సాలిగ్రామంలోనో వడపళనిలోనో ఓ గది తీసుకుని, ల్యాప్‌టాపూ చిన్న కీబోర్డూ బల్ల మీద సర్దుకున్న పిల్లలు అక్టోబర్ వచ్చేసరికి నన్ను అడిగేది ఒకటే: "అన్నా, బ్లాక్ ఫ్రైడే (నవంబర్ చివర్లో వచ్చే పెద్ద ఆన్‌లైన్ సేల్) వస్తోంది కదా, పాటలు చేసుకోడానికి ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటావ్?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతోంది, అందుకని ఇక్కడ రాసి పెడుతున్నా.

ముందు మీరు ఎవరి దగ్గర పని చేయబోతున్నారో తేల్చుకోండి. ఒక సంగీత దర్శకుడి దగ్గర అసిస్టెంటుగానో ప్రోగ్రామర్‌గానో చేరి, రోజూ ప్రాజెక్ట్ ఫైళ్లు అటూ ఇటూ పంపుకునే పనైతే వాదనే లేదు, ఆయన ఏది వాడితే మీరూ అదే కొనండి. ఆయనది ఆపిల్ వాళ్ల లాజిక్ అయి మీ దగ్గర విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే మాత్రం అది సేల్‌తో తీరే సమస్య కాదు, లాజిక్ విండోస్‌లో నడవదు. అలా కాకుండా మీ గదిలో మీరు పాట చేసుకుని మిక్సింగ్‌కి బయట ఇచ్చేవాళ్లయితే, మీరు దేనిలో చేశారో అవతలివాళ్లకు అక్కర్లేదు. మొదటిసారి ఇక్కడ ఒక మిక్సింగ్ రూమ్‌కి వెళ్లినప్పుడు నేను ఏ ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్ లోపల తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) వాడానో వివరంగా చెప్పబోయాను, ఇంజనీర్ తల ఎత్తకుండానే "స్టెమ్స్ కొండు వందియా?" (స్టెమ్స్ తెచ్చావా?) అన్నాడు. ఆయనకు కావల్సింది అదే: ఒక్కో వాయిద్యం విడివిడిగా, అన్నీ పాట మొదటి సెకను నుంచే మొదలయ్యేలా, సినిమా పనైతే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లు. ఆ రూముల్లో ఎక్కువగా నడిచేది ప్రో టూల్స్, కానీ అందుకని మీరు ప్రో టూల్స్ చందా కట్టాల్సిన పని లేదు. స్టెమ్స్ ఏ సాఫ్ట్‌వేర్ నుంచైనా తీయొచ్చు.

సేల్ నవంబర్‌లో అయితే నిర్ణయం సెప్టెంబర్, అక్టోబర్‌లలో అయిపోవాలి. దానికి ట్రయల్స్ ఉన్నాయి. లాజిక్ 90 రోజులు ఇస్తుంది, ఏబుల్టన్ లైవ్ 30 రోజులు ఇస్తుంది, అదీ అన్నీ ఉన్న సూట్ ఎడిషనే, రీపర్‌ది 60 రోజులు. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్‌కి గడువు లేదు కానీ అందులో ఒక మెలిక ఉంది: చేసిన ప్రాజెక్టు సేవ్ అవుతుంది, మళ్లీ తెరవాలంటే కొనాలి. కాబట్టి దానితో ప్రయోగం చేసేటప్పుడు ఒక్క సిట్టింగ్‌లోనే పాట అయిపోవాలి, లేదా లేచే ముందు స్టెమ్స్ బయటికి తీసుకోవాలి. ట్రయల్ అంటే డెమో పాటలు వినడం కాదు. మీ సొంత పాట ఒకటి, పల్లవీ రెండు చరణాలూ, వోకల్ రికార్డింగ్‌తో సహా మొదలుపెట్టి చివరిదాకా చేయండి. రెండిటిలో చేసి చూస్తే ఏది మీ చేతికి అలవాటవుతుందో మూడో రోజుకే తెలిసిపోతుంది, దానికి యూట్యూబ్‌లో నలభై వీడియోలు చూడక్కర్లేదు.

కొన్నిటికి సేల్ కోసం ఎదురుచూడటమే దండగ. లాజిక్ ధర ఏడాది పొడుగునా అదే. రీపర్ కూడా అంతే, మామూలు లైసెన్సు 60 డాలర్లు, సంగీతం మీద మీ ఆదాయం ఏడాదికి 20,000 డాలర్లు దాటితేనే 225 డాలర్లది తీసుకోవాలి (దాటిన రోజు నాకు పార్టీ ఇవ్వండి). ఆ 60కి ఇప్పటి వెర్షనే కాదు, తర్వాతి పెద్ద వెర్షన్ కూడా వస్తుంది. రివర్బ్‌లకు (గొంతుకు హాల్లో పాడినట్టు మోత తెచ్చే ప్లగిన్లకు) పేరున్న వాల్‌హల్లా వాళ్లు ప్లగిన్ 50 డాలర్లకు అమ్ముతారు, సేల్ పెట్టరు, పైగా సూపర్‌మాసివ్ అనే రివర్బ్‌ను ఉచితంగానే ఇస్తారు. ఎఫ్ఎల్, ఏబుల్టన్, క్యూబేస్ లాంటివాటికి మాత్రం ఆగొచ్చు, నవంబర్‌లో సాధారణంగా తగ్గుతాయి. ఎఫ్ఎల్‌లో ఒకసారి కొంటే జీవితాంతం అప్‌డేట్లు ఉచితం, డబ్బులు తక్కువున్నవాళ్లకు ఇది చాలా పెద్ద విషయం. అయితే ఎడిషన్ చూసి కొనండి. అన్నిటికంటే చవకైన ఫ్రూటీ ఎడిషన్‌లో పాత వెర్షన్లలో గొంతు రికార్డు చేసే వీలే ఉండేది కాదు. తేడాలు చూపే పట్టిక కంపెనీ సైట్‌లోనే ఉంటుంది, అది చదవకుండా డబ్బు కట్టొద్దు.

ఇంకో కిటుకు. మీరు కొన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె) డబ్బాలో ఒక చీటీ ఉంటుంది, లేదా రిజిస్టర్ చేసుకుంటే మెయిల్‌లో ఒక కోడ్ వస్తుంది. చాలామంది దాన్ని డబ్బాతో పాటే అటక మీద పడేస్తారు. అందులో ఏబుల్టన్ లైవ్ లైట్ (దాని చిన్న ఎడిషన్) ఉంటే, లైట్ నుంచి స్టాండర్డ్‌కో సూట్‌కో మారేవాళ్లకు ధర తక్కువ, సేల్ రోజుల్లో ఆ తక్కువ మీద ఇంకాస్త తగ్గుతుంది. స్టూడెంట్లయితే కాలేజీ ఐడీతో విద్యార్థి ధర కూడా చూడండి, ఒక్కోసారి సేల్ ధర కంటే అదే నయం.

ఇక ప్లగిన్లూ, లైబ్రరీలూ (రికార్డు చేసి పెట్టిన వాయిద్యాల శబ్దాలు). అసలు మునిగేది ఇక్కడే. 249 డాలర్ల వస్తువును 29కే ఇస్తున్నట్టు, గంటలో అయిపోతున్నట్టు గడియారం తిరుగుతూ ఉంటుంది. టీ నగర్ రంగనాథన్ వీధిలో ఆడి తళ్లుబడి (ఆషాఢం డిస్కౌంట్) బోర్డులు చూసినవాళ్లకు ఈ కథ కొత్త కాదు. కొన్ని ప్లగిన్లు ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ 'తగ్గించిన' ధరలోనే దొరుకుతాయి, అదే వాటి అసలు ధర అనుకోండి.

నేను మునిగింది స్ట్రింగ్స్ లైబ్రరీతో. 80 శాతం తగ్గింపు అని అర్ధరాత్రి కొన్నాను, తెల్లారి ఒక డైరెక్టర్ నా గదికి వచ్చి మంచం మీద కూర్చుని వింటున్నారు, చరణంలో వయొలిన్లు ఎత్తుకున్నాయి, ఆయన తల ఊపుతున్నారు, ఉన్నట్టుండి నిశ్శబ్దం. తబలా నడుస్తోంది, వయొలిన్లు లేవు. మూసి తెరిస్తే వచ్చాయి, కాసేపటికి మళ్లీ పోయాయి. ఆయన మర్యాదగా "కరెంటు ప్రాబ్లమా?" అన్నారు. సంగతేమిటంటే, ఈ లైబ్రరీలను పలికించే కొంటాక్ట్ అనే శాంప్లర్ రెండు రకాలు, ఉచితంగా వచ్చే ప్లేయర్, డబ్బు పెట్టి కొనే పూర్తి వెర్షన్. పూర్తి వెర్షన్ కోసం చేసిన లైబ్రరీ ప్లేయర్‌లో 15 నిమిషాలే పలుకుతుంది, తర్వాత ఆగిపోతుంది. ఆ ముక్క కొన్న పేజీ అడుగున రాసే ఉంది, చదవనిది నేనే. చవక లైబ్రరీ కోసం ఖరీదైన శాంప్లర్ కొనాల్సి వచ్చింది. మీరు లైబ్రరీ ఏది చూసినా ముందు 'ఫుల్ కొంటాక్ట్ కావాలా' అన్న లైను వెతకండి. ఐలాక్ (లైసెన్సులు దాచే పద్ధతి) ఖాతా కావాలా, ఎన్ని కంప్యూటర్లలో యాక్టివేట్ అవుతుంది, హార్డ్ డిస్కులో ఎంత చోటు తింటుంది, ఇవి కూడా.

డబ్బు కట్టే దగ్గర కొత్తవాళ్లు ఆగిపోతుంటారు. 2020లో రిజర్వ్ బ్యాంక్ పెట్టిన నియమం వల్ల కొత్త కార్డుల్లో విదేశీ చెల్లింపులు మొదట ఆఫ్‌లో ఉంటాయి, బ్యాంకు యాప్‌లోకి వెళ్లి మీరే ఆన్ చేసుకోవాలి. ఈ పని సేల్ చివరి గంటలో కాదు, ముందే చేసి పెట్టుకోండి. ధర 100 డాలర్లని కనబడితే 100తో పోదు. చాలా సైట్లు చివరి పేజీలో 18 శాతం జీఎస్టీ కలుపుతాయి, 118 అవుతుంది. దాని మీద కార్డువాళ్ల ఫారిన్ కరెన్సీ మార్కప్, 3.5 శాతం అనుకుందాం, ఆ మార్కప్ మీద మళ్లీ జీఎస్టీ. మొత్తం 123 డాలర్ల దగ్గర తేలుతుంది. గడువు కూడా మన టైమ్ కాదు: అమెరికా పసిఫిక్ టైమ్‌లో రాత్రి 11:59 అంటే మనకు మర్నాడు మధ్యాహ్నం 1:29. టెన్షన్ పడి అర్ధరాత్రి కొనొద్దు, నిద్రపోయి లేచి, భోంచేసి కొనండి. నాకు ఆ బుద్ధి అప్పుడుంటే వయొలిన్లు ఆగేవి కావు.

క్రాక్ (డబ్బు కట్టకుండా వాడే దొంగ కాపీ) సంగతి అడక్కుండానే చెప్తున్నా. రూమ్మేట్ పెన్‌డ్రైవ్‌లో అన్నీ ఉన్నాయంటాడు, ఉంటాయి, వాటితో పాటు వైరస్ కూడా ఉంటుంది. డబ్బు లేకపోతే వైటల్, సర్జ్ ఎక్స్‌టీ అనే సింథ్‌లు (ఎలక్ట్రానిక్ శబ్దాలు పుట్టించే ప్లగిన్లు) ఉచితం, మ్యాక్ ఉంటే పాట చేసుకునే గరాజ్‌బ్యాండ్ ఉచితం. వీటితో పాట చేయలేనివాడు కొన్నవాటితోనూ చేయలేడు.

ఇక్కడ నవంబర్ అంటే వానలు. సేల్, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఒకేసారి దిగుతాయి. పెద్ద లైబ్రరీలు పదుల జీబీలు ఉంటాయి, కరెంటు పోయి వైఫై పడిపోతే సగంలో ఆగుతుంది, కాబట్టి కొన్న రోజే డౌన్‌లోడ్ అయిపోవాలని పట్టు పట్టకండి, లైసెన్సు ఖాతాలో భద్రంగా ఉంటుంది. ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ ఒకటి మాత్రం తీసుకోండి, రిచీ స్ట్రీట్‌లో బిల్లుతో, వారంటీతో.

ఇదంతా అయ్యాక చేతిలో మూడు నాలుగు వేలు మిగిలితే ఇంకో కంప్రెసర్ ప్లగిన్ కొనొద్దు. మీ గదిలో ఫ్యాన్ ఆపి, కిటికీ మూసి ఒక లైను పాడి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, గోడల మీంచి తిరిగొచ్చే మోతా, పక్కింటి కుక్కర్ విజిలూ రెండూ వినబడతాయి. విజిల్‌కి చేసేదేం లేదు, వంట టైమ్ కనుక్కుని అది అయ్యాక పాడుకోవడమే. మోతకు ప్యారీస్ కార్నర్ బజారుకు వెళ్లి మందపాటి రగ్గులు రెండు కొని, సింగర్ వెనకా పక్కనా తాడు కట్టి వేలాడదీయండి. చెన్నైలో అవి కప్పుకునే అవసరం ఎలాగూ రాదు.