మూర్ఛకు మూలమైన లోపాన్ని ఎమ్మారైలో పట్టుకోవడం ఎలా?

మందులకు లొంగని మూర్ఛలో, ముఖ్యంగా పిల్లల్లో, అసలు దోషి చాలాసార్లు ఫోకల్ కార్టికల్ డిస్‌ప్లేసియా. అంటే పిండదశలోనే మెదడు పైపొర ఒకచోట సరిగా ఏర్పడకపోవడం. 1971లో టేలర్ బృందం వర్ణించిన ఈ లోపం ఒక్కోసారి వేలిగోరంత కూడా ఉండదు. ‘నార్మల్’ అని ముద్ర వేసిన స్కాన్లలో హాయిగా దాక్కుంటుంది.

1. స్కాన్. 3 టెస్లా (అయస్కాంత బలం కొలత) యంత్రం మేలు. ఎమ్మారైలో బొమ్మ తీసే పద్ధతులు వేర్వేరు: 1 మి.మీ. త్రీడీ టీ1, అదే కొలతలో త్రీడీ ఫ్లెయిర్, జ్ఞాపకాలకు ఆధారమైన హిప్పోక్యాంపస్‌కు లంబంగా కరోనల్ (చెవి నుంచి చెవికి నిలువుగా కోసినట్టు చూపే) టీ2. ఈ మూడూ ఉండాలి. 5 మి.మీ. ముక్కల స్కాన్ తెస్తే నేను చూడను, మళ్లీ తీయించమంటాను.

2. ముందు రోగి కథ వినండి. మూర్ఛ ఎడమచేతి వేళ్ల అదురుతో మొదలైతే మెదడు కుడివైపు కదలికలను నడిపే మోటార్ ప్రాంతం దగ్గర వెతకాలి. వీడియో ఈఈజీ (మూర్ఛను చిత్రీకరిస్తూ మెదడు విద్యుత్తును నమోదు చేసే పరీక్ష) కూడా పక్కన పెట్టుకోండి. ముందే తెలిస్తే లేనిది కనిపిస్తుందని కొందరి వాదన. ఏమీ తెలియకుండా చూసి ఉన్నదాన్ని వదిలేసినవారినే నేను ఎక్కువగా చూశాను.

3. ఇక అసలు చిక్కు. వెతకవలసినవి: పైపొర మందం కావడం, బూడిద, తెల్ల పదార్థాల మధ్య గీత చెరిగినట్టుండటం, ఫ్లెయిర్‌లో పైపొర నుంచి జఠరిక (మెదడు లోపలి ద్రవపు గది) వైపు సన్నబడుతూ సాగే తెల్లటి చార.

ఇక్కడే తొందరపడతారు. స్కాన్ ముక్క మెదడు మడతను ఏటవాలుగా కోస్తే మామూలు పైపొర కూడా మందంగా, మసకగా కనిపిస్తుంది. కాబట్టి మూడు తలాల్లోనూ (అడ్డకోత, ముందు నుంచి, పక్క నుంచి) కనిపించనిదే లోపం అనకండి. అవతలి వైపు అదే చోటుతో పోల్చండి. మోటార్ పట్టీ దగ్గర ఆ గీత సహజంగానే మసక, అది చూసి కంగారుపడవద్దు. మడతల మధ్య గాడుల అడుగును మాత్రం ఒక్కొక్కటిగా చూడండి. మామూలుగా పైపొర అక్కడే పలచన, కాబట్టి అక్కడ మందం కనిపిస్తే అనుమానించవలసిందే. కదిలిన పిల్లవాడి స్కాన్ మీద తీర్పు చెప్పనే వద్దు.

4. అయినా దొరకకపోతే ఎఫ్‌డీజీ పెట్ (మెదడు ఎక్కడ ఎంత గ్లూకోజ్ వాడుతోందో చూపే స్కాన్) తీయించి ఎమ్మారై మీద పరచి చూడండి. గ్లూకోజ్ వాడకం తగ్గిన చోటికి వెళ్లి మూడో మెట్టు మళ్లీ మొదలుపెట్టండి. కంప్యూటర్ విశ్లేషణ మంచిదే, కానీ కళ్లతో చూశాకే.

5. పసిపిల్లల్లో మైలిన్ (నరాల తీగలపై ఉండే కొవ్వు తొడుగు) ఇంకా పూర్తిగా ఏర్పడదు. ఆరు నెలల లోపు టీ2నే నమ్ముకోండి, రెండున్నరేళ్లు వచ్చాక మళ్లీ తీయించండి. పాత స్కాన్ మాత్రం పారేయకండి. అప్పుడు కనిపించిన మచ్చ మైలిన్ పెరిగాక కనిపించకపోవచ్చు.