ర్యామ్ వేసేముందు స్లాట్లు చూసుకోండి
గేమింగ్ ల్యాప్‌టాప్ నెమ్మదించిందని నేరుగా ఓవర్‌క్లాక్ (చిప్ వేగాన్ని మామూలు కంటే పెంచడం) జోలికి వెళ్లకండి. ముందు టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కి ఎన్ని స్లాట్లు (ర్యామ్ పెట్టే గాడులు) వాడుకలో ఉన్నాయో చూడండి. రెండింటిలో ఒకటే అని ఉంటే చాలావరకు సింగిల్ ఛానెల్‌లో, అంటే డేటా ఒకే దారిలో నడుస్తున్నట్టే, రెండోది నింపితే చాలా గేముల్లో తేడా స్పష్టంగా తెలుస్తుంది, ముఖ్యంగా ఫ్రేములు తడబడటం తగ్గుతుంది. డీడీఆర్4, డీడీఆర్5 అనేవి ర్యామ్ తరాలు, డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 పట్టదు, వేగాలు వేరైతే రెండూ తక్కువ వేగంతోనే నడుస్తాయి.

ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పాక ముందు బ్యాటరీ కనెక్టర్ తీసేయండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. ర్యామ్ స్టిక్‌ని ఏటవాలుగా పెట్టి, బంగారు రంగు అంచు దాదాపు కనిపించనంత లోపలికి తోసి, అప్పుడు కిందికి నొక్కితే రెండు పక్కల క్లిప్పులు టక్కుమంటాయి. డీడీఆర్5 వేసిన తొలిసారి నాకు స్క్రీన్ నల్లగా ఉండిపోయి తెగ టెన్షన్ పడ్డాను, కానీ కొత్త ర్యామ్‌ని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు, కంగారుపడి పవర్ ఆపేయకండి.

ఇక ఓవర్‌క్లాక్ అంటారా, ల్యాప్‌టాప్‌లో అసలు అడ్డంకి వేడి. చిప్ మరీ వేడెక్కితే అదే వేగం తగ్గించుకుంటుంది. మీ మోడల్లో వీలుంటే అండర్‌వోల్ట్ చేయండి, అంటే చిప్‌కి అందే వోల్టేజీ కాస్త తగ్గించండి, నా లెక్కలో అదే మేలు.