పోస్ట్‌గ్రెస్‌లో టైమ్ తేడాగా ఉందా? ముందు ఎన్ని గంటలో చూడండి

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో టైమ్ తప్పొస్తోందని ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది ఒకటే: తేడా ఎంత? అది చూడకుండానే కాన్ఫిగ్ ఫైల్ మార్చేసి, సర్వర్ రీస్టార్ట్ చేసేసి, అప్పుడు ఫోన్ చేస్తారు.

5:30 గంటలు వెనక ఉంటే

కాలమ్ టైమ్‌స్టాంప్‌టీజెడ్ (టైమ్‌జోన్‌ను లెక్కలోకి తీసుకునే టైమ్ రకం) అయితే డేటాకు ఏమీ కాలేదు. కనెక్షన్ యూటీసీలో, అంటే మనకు 5:30 గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక కాలంలో ఉంది, అంతే. ఏ టైమ్‌జోన్ ఉందో చూపే ‘షో టైమ్‌జోన్’ కమాండ్ కొట్టండి. మీ టెర్మినల్లో కాదు, అప్లికేషన్ వాడే కనెక్షన్ నుంచి! యూజర్‌కో డేటాబేస్‌కో విడిగా పెట్టిన సెట్టింగ్ ముందు కాన్ఫిగ్ ఫైల్ మాట చెల్లదు. జావా డ్రైవరైతే తను నడిచే మెషీన్ టైమ్‌జోన్‌నే వెంట తెస్తుంది, దాన్ని అక్కడే మార్చాలి. మిగతావాటిలో అప్లికేషన్ వాడే యూజర్‌కు ‘ఆసియా/కోల్‌కతా’ పెట్టి, పాత కనెక్షన్లన్నీ మూసి మళ్లీ తెరవండి. క్వెరీలో 5:30 కలిపి చేతులు దులుపుకోకండి. రేపు ఇంకొకరు సెట్టింగ్ సరిచేస్తే అది రెండుసార్లు కలుస్తుంది.

3:30 గంటలు ముందు ఉంటే

దీని దగ్గర నేను రెండు రోజులు బోల్తా పడ్డాను. ఒక ఆఫీసులో అటెండెన్స్ మెషీన్ ఫైల్ లోడ్ చేశాం. ఉదయం 9:05కి వేలిముద్ర వేసినవాళ్లంతా 12:35కి వచ్చినట్టు తేలారు. సగం జీతం కోతేనని హెచ్ఆర్‌లో ఒకటే టెన్షన్. ‘షో టైమ్‌జోన్’ చూస్తే కోల్‌కతా అనే ఉంది. సర్వర్ గడియారమూ సరిగ్గానే ఉంది.

దొంగ ఫైల్లోనే ఉన్నాడు. ప్రతి టైమ్ పక్కనా ‘ఐఎస్‌టీ’ అని మూడక్షరాలు. మనకది భారత కాలమానం. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ పట్టికలో మాత్రం ఇజ్రాయెల్ కాలమానం, అంటే యూటీసీకి 2 గంటలు ముందు. 5:30లోంచి 2 తీసేస్తే మన 3:30 దొరికింది. ఎర్రర్ రాదు, వార్నింగూ రాదు.

మీరూ చూసుకోండి: ‘2024-08-15 10:00 ఐఎస్‌టీ’ని టైమ్‌స్టాంప్‌టీజెడ్‌గా మార్చితే కోల్‌కతా సెషన్‌లో (టైమ్‌జోన్ కోల్‌కతాగా ఉన్న కనెక్షన్‌లో) 13:30 వస్తుందా? వస్తే ఇదే. లోడ్ చేసేముందు ఫైల్లో ఐఎస్‌టీని +05:30గా మార్చడమే నా పద్ధతి. ఫైల్ మన చేతిలో లేకపోతే పొట్టిపేర్ల పట్టికను ఎంచుకునే ‘టైమ్‌జోన్_అబ్రివియేషన్స్’ సెట్టింగ్‌ను ‘ఇండియా’ చేయండి. 18వ వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్ మొదట సెషన్ టైమ్‌జోన్‌లోని పొట్టిపేర్లే చూస్తుంది కాబట్టి కోల్‌కతా సెషన్‌లో ఈ బాధ లేదు. సెషన్ యూటీసీలో ఉంటే మాత్రం మళ్లీ ఇజ్రాయెలే.

ఇప్పటికే ఎక్కిన వరుసల నుంచి 3:30 తీసేయాలి. ఆ ఫైల్ నుంచి వచ్చినవాటికే, ట్రాన్సాక్షన్‌లో పెట్టి (తప్పైతే వెనక్కి తీసుకునేలా), ఒక్కసారే. నేను కంగారులో రెండోసారి నడిపితే జనం 5:35కే ఆఫీసుకొచ్చేశారు.

మిగతావి

11 గంటలు వెనకుంటే ఎవరో టైమ్‌జోన్‌ను ‘యూటీసీ+5:30’ అని పెట్టారు. అక్కడ ప్లస్ అంటే గ్రీనిచ్‌కు పడమర. ఊరి పేరు పెట్టండి. ‘ఆసియా/కలకత్తా’ చెల్లదని కనెక్షనే తెగితే సర్వర్లో ఆ పాత పేరు లేదు, క్లయింట్‌లో కోల్‌కతా అని మార్చండి.