బోనులో చిట్టెలుక పడాలంటే
మన చెన్నైలో ఎలుకల బోనుకి మసాలా వడ పెట్టడం పాత అలవాటే, ఆ నూనె వాసనకి నిజంగానే వస్తాయి. కాకపోతే చిన్న ముక్క చాలు, దాన్ని కొక్కేనికి దారంతో గట్టిగా కట్టండి, లేకపోతే తలుపు పడేలోపే లాక్కుపోతాయి. బోను గోడకి ఆనించి ఉండాలి, చిట్టెలుకలు గోడవారగానే తిరుగుతాయి. జిగురు అట్టలు మాత్రం వద్దు, ఘోరం. తెల్లారగానే చూడండి, ఈ ఎండలకి నీళ్లు లేక లోపలే చచ్చిపోతాయి. గ్లవ్స్ వేసుకుని (ఎలుక మూత్రం వల్ల లెప్టోస్పైరోసిస్ అనే ఇన్ఫెక్షన్ రావచ్చు), బోను మీద పాత తువ్వాలు కప్పి, ఇళ్లకి దూరంగా పొదల దగ్గర వదిలేయండి, పక్కింటి కాంపౌండ్‌లో కాదు! సింక్ పైపు చుట్టూ 6 మి.మీ. సందున్నా దూరిపోతాయి కాబట్టి గిన్నెలు తోమే స్టీల్ పీచు కుక్కి సిమెంటు పూసేయండి.