పొత్తు వ్యాపారానికి ఫర్మ్ రిజిస్ట్రేషన్: నల్లగొండ, పాలమూరు జిల్లాల వాళ్లకు

మిర్యాలగూడలో నలుగురు కలిసి బియ్యం వ్యాపారం పెట్టి ఫర్మును రిజిస్టరు చేయించకపోయినా ఎవరూ వచ్చి షట్టర్ దించరు. 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం రిజిస్ట్రేషన్‌ను తప్పనిసరి చేయలేదు. చిక్కు వచ్చేది బాకీ ఆగిపోయిన రోజు. రిజిస్టరు కాని ఫర్ము, తన ఒప్పందం ప్రకారం రావలసిన పైసల కోసం బయటివాళ్ల మీద సివిల్ కోర్టులో దావా వేయలేదని అదే చట్టం 69వ సెక్షన్ చెబుతుంది. 100 రూపాయలు దాటని బాకీకి మాత్రం మినహాయింపు ఉంది, దాంతో ఇయ్యాల ఏ లాభమూ లేదు. బయటివాళ్లు మాత్రం మీ మీద నిక్షేపంగా దావా వేయొచ్చు. దావా వేశాక పరుగెత్తి రిజిస్టరు చేయించినా ఆ దావా నిలబడదు. దాన్ని వెనక్కి తీసుకుని కొత్తగా వేయాలి, ఈలోగా బాకీకి దావా వేసే మూడేళ్ల గడువు దాటితే బాకీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

మొదటి పని ఒప్పంద పత్రం, అంటే పార్ట్‌నర్‌షిప్ డీడ్. దీన్ని టైపింగ్ సెంటర్లో దొరికే పాత నమూనాలో పేర్లు మార్చి కొట్టించుకోవడం మన దగ్గర మామూలే, తగవులు మొదలయ్యేదీ అక్కడే. డీడ్‌లో రాయని ప్రతిచోటా చట్టం తన లెక్క పెడుతుంది. ఒకరు పది లక్షలు, ఇంకొకరు లక్ష పెట్టినా వాటాలు రాసుకోకపోతే లాభనష్టాలు సమానం. పొద్దంతా మిల్లులో కూర్చునే భాగస్తుడికి జీతం రాయకపోతే జీతం లేదు. జీతం, పెట్టుబడి మీద వడ్డీ డీడ్‌లో ఉంటేనే ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపొచ్చు. వడ్డీకి గరిష్ఠం ఏడాదికి 12 శాతం.

భాగస్తుల్లో ఒకరు చనిపోతే ఫర్ము ఏమవుతుందో తప్పకుండా రాయండి. రాయకపోతే ఆ రోజుతోనే ఫర్ము రద్దు. ఇద్దరే ఉన్న ఫర్ములో ఒకరు పోతే ఈ షరతు కూడా కాపాడదు, ఒక్కరితో పొత్తు ఉండదు కదా. మైనర్ కొడుకును భాగస్తుడిగా రాయొద్దు. అందరి సమ్మతితో లాభాల్లో వాటా మాత్రమే ఇవ్వొచ్చు. ఉమ్మడి కుటుంబాన్ని కూడా భాగస్తుగా రాయకూడదు, కుటుంబ పెద్ద తన సొంత పేరుతో చేరాలి.

స్టాంపు పేపరు భాగస్తుల్లో ఒకరి పేరు మీదే కొనండి, టైపిస్టు పేరు మీద కాదు. స్టాంపు సుంకం తక్కువ కట్టిన డీడ్‌ను కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, జరిమానా పదింతల దాకా పోవచ్చు. ప్రతి పేజీలో అందరూ సంతకం చేయాలి.

పేరు విషయంలో ఒక మాట. 'రాయల్', 'కింగ్', 'క్వీన్', 'ఇంపీరియల్' వంటి మాటలు, ప్రభుత్వ అండ ఉన్నట్టు తోచే మాటలు ఫర్ము పేరులో ఉండాలంటే రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మన ఊళ్లలో ఫంక్షన్ హాళ్లకు, మొబైల్ షాపులకు రాయల్ అంటే ఎంత మోజో తెలిసిందే. ఆ పేరుతో బోర్డు రాయించాక కాదు, ముందే చూసుకోండి.

దరఖాస్తు వెళ్లేది మీ ఊరి సబ్ రిజిస్ట్రార్‌కు కాదు, రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌గా వ్యవహరించే జిల్లా రిజిస్ట్రార్‌కు. రెవెన్యూ జిల్లా, రిజిస్ట్రేషన్ జిల్లా ఒకటే కావు, కాబట్టి 2016లో, ఆ తర్వాత ఏర్పడ్డ జిల్లాల వాళ్లు ఏ ఆఫీసు కిందికి వస్తారో ముందు కనుక్కోండి. రిజిస్ట్రేషన్ శాఖ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గానూ మొదలుపెట్టొచ్చు. ఫారంలో అడిగేవి: ఫర్ము పేరు, ప్రధాన స్థలం, మిగతా బ్రాంచీలు, ఒక్కో భాగస్తుడు చేరిన తేదీ, పూర్తి పేర్లు, శాశ్వత చిరునామాలు, ఫర్ము కాలపరిమితి. జతచేసేవి డీడ్, ఆధార్, పాన్, స్థలానికి కిరాయి ఒప్పందం. స్థలం భాగస్తుల్లో ఒకరిదే అయితే ఆయన ఇచ్చే సమ్మతి పత్రం.

దరఖాస్తులు వెనక్కి వచ్చేది పెద్ద చట్టపు చిక్కులతో కాదు, చిన్న తేడాలతో. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాన్‌లో పొడి అక్షరంగా, డీడ్‌లో అసలే లేకుండా ఉంటుంది. డీడ్‌లో చేరిన తేదీ ఒకటి, ఫారంలో ఇంకొకటి. ముందు పాన్, ఆధార్‌లలో పేరు ఒకేలా ఉండేట్టు చేయించుకుని, ఆ అక్షరాలే డీడ్‌లో దించండి. భాగస్తుడు దుబాయిలో ఉంటే ఆయన బదులు అన్న సంతకం చేస్తే చెల్లదు. ఈ పనికే ప్రత్యేకంగా రాసిన అధికార పత్రం కావాలి. అది అక్కడ రాసిందైతే ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి.

రిజిస్టరు అయ్యాక సర్టిఫికెట్‌తో ఆగకుండా ఫర్ముల రిజిస్టరులో మీ ఫర్ము నమోదు నకలు కూడా తీసుకోండి. దావా వేసేటప్పుడు భాగస్తుల పేర్లు ఆ రిజిస్టరులో ఉన్నాయా అనేది కోర్టు చూస్తుంది. నడుమ చేరిన కొత్త భాగస్తుడి పేరు ఎక్కించకపోతే, రిజిస్టరైన ఫర్ము దావా కూడా చిక్కులో పడుతుంది.

ఫర్ము పేరున పాన్, ఆ తర్వాత బ్యాంకు ఖాతా తీసుకోండి. దుకాణమైతే 30 రోజుల్లోపు కార్మిక శాఖలో షాపుల చట్టం కింద నమోదు చేయించాలి. జీఎస్టీ నమోదుకు సరుకుల మీద ఏడాదికి 40 లక్షల అమ్మకాల దాకా వెసులుబాటు ఉందనుకోవద్దు. అది చాలా రాష్ట్రాల లెక్క, తెలంగాణలో సరుకులకైనా సేవలకైనా 20 లక్షలే.

భాగస్తుడు తప్పుకుంటే ఇంట్లో కాయిదం రాసుకుని చేతులు దులుపుకోవద్దు. రిజిస్ట్రార్‌కు నోటీసు, గెజెట్‌లో ప్రకటన, జిల్లాలో నడిచే ఒక తెలుగు పత్రికలో ప్రకటన, ఈ మూడూ కావాలి. అవి పడేదాకా, ఆయన భాగస్తుడని నమ్మి ఫర్ముకు సరుకు ఇచ్చినవాళ్లు ఆయన ఇంటి తలుపూ తట్టొచ్చు.