పది నిమిషాల సినిమా, 4వ పాఠం: పని ఆగిన చోట కెమెరా

కిందటి పాఠంలో ఇచ్చిన అభ్యాసం గుర్తుండే ఉంటుంది. ఒక మనిషి, ఒక మానసిక సమస్య, ఒకే ఒక్క రోజు. అరపేజీ దాటకుండా రాయమన్నాను. ఆ కాగితం ఎదురుగా పెట్టుకోండి, పక్కన ఒక ఎర్ర పెన్ను ఉంచుకోండి. దాన్ని సీన్లుగా విడగొట్టడం ఈ పాఠం పని. అయితే ముందు కొన్ని కొట్టివేతలున్నాయి.

పగిలిన అద్దం, అందులో ముక్కలైన ముఖం. నేల మీద చెల్లాచెదురుగా మాత్రలు. దిండులో ముఖం దాచుకుని కేక. వర్షపు చినుకులు జారుతున్న కిటికీ. జుట్టు పీక్కోవడం. తల చుట్టూ గిర్రున తిరిగే కెమెరా. వీటిలో ఏది కనిపించినా కొట్టేయండి. ఇలాంటివి లోకంలో జరగవని కాదు, ఎవరో ఎప్పుడో కోపంలో అద్దం పగలగొట్టే ఉంటారు. చిక్కేమిటంటే, తెర మీదికి వచ్చేసరికి ఇవన్నీ 'ఇతనికి మనసు బాగాలేదు' అని రాసిన బోర్డులైపోయాయి. బోర్డు చదివిన ప్రేక్షకుడు తనకు అర్థమైపోయిందనుకుంటాడు, ఇక మనిషిని చూడడం మానేస్తాడు. విద్యార్థుల సినిమాలు వరసపెట్టి చూసిన వారినెవరినైనా అడగండి, పగిలిన అద్దాల కథలు చెబుతారు.

వాటి స్థానంలో ఏం పెట్టాలి? పని. స్నానం, తలుపు తాళం, ఫోనులో వచ్చిన సందేశానికి జవాబు, కుర్చీ మీద పేరుకున్న బట్టలు. మనసు లోపలికి కెమెరా వెళ్లలేదు. కానీ లోపల జరిగేది రోజువారీ పనికి అడ్డుపడే చోటు బయటే ఉంటుంది, దాన్ని తీయవచ్చు. వైద్యులు కూడా లక్షణాలు విని ఊరుకోరు. చదువు ఎలా సాగుతోంది, నలుగురిలో మెలగగలుగుతున్నారా, మీ పనులు మీరు చేసుకోగలుగుతున్నారా అని అడుగుతారు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పించకుండా చూపించడమే మీ సీను.

ఒకే సీను, రెండు రకాలుగా

కుంగుబాటు (డిప్రెషన్) మీద రాసిన మొదటి ముసాయిదా సాధారణంగా ఇలా ఉంటుంది:

"చీకటి గది. ఆమె మంచం మూలన ముడుచుకుని ఏడుస్తోంది. విషాద సంగీతం. స్నేహితురాలు తలుపు తీసి: 'ఎందుకే ఇలా అయిపోయావు?' ఆమె: 'నాకే తెలియదు. లోపలంతా ఖాళీగా ఉంది.'"

ఇందులో కుంగుబాటు గురించి చెప్పడం ఉంది, కుంగుబాటు కనిపించదు. పైగా ఏడుపు తప్పనిసరి లక్షణమేమీ కాదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రమాణాల ప్రకారం తీవ్రమైన కుంగుబాటు అని తేల్చాలంటే 9 లక్షణాల్లో కనీసం 5, కనీసం 2 వారాల పాటు దాదాపు ప్రతిరోజూ ఉండాలి. ఆ అయిదింటిలో దిగులైనా ఉండాలి, దేని మీదా ఆసక్తి లేకపోవడమైనా ఉండాలి. అంటే దిగులు పైకి కనిపించని కుంగుబాటు కూడా ఉంటుందన్నమాట. నిద్ర తగ్గవచ్చు, పెరగవచ్చు. ఆకలీ అంతే. కదలికలు మందగించడం కూడా ఆ 9లో భాగమే. మీకు అక్కరకొచ్చేది అదే, ఎందుకంటే సినిమాకు కదలికే ముడిసరుకు.

ఇప్పుడు అదే సీనును ఒక పని చుట్టూ రాద్దాం:

"పగలు. గది. మంచం అంచున ఆమె, భుజం మీద తువ్వాలు. పక్కన స్నానాల గదిలో బకెట్‌లోకి నీళ్లు పడుతున్న చప్పుడు. ఆమె లేవబోతుంది. లేవదు. తువ్వాలు తీసి మడతపెడుతుంది. మడత విప్పి మళ్లీ భుజాన వేసుకుంటుంది. బకెట్ నిండి నీళ్లు పొర్లుతున్న చప్పుడు. ఆమె అటు చూడదు. అడుగుల చప్పుడు. ఎవరో కుళాయి కట్టేస్తారు. స్నేహితురాలి గొంతు: 'స్నానం అయిందా?' ఆమె: 'ఆ, అయింది.'"

ఎవరూ ఏడవలేదు, ఎవరూ ఏమీ వివరించలేదు. సీనుకు ఆయువుపట్టు ఆ చివరి అబద్ధం. బాగానే ఉన్నట్టు కనిపించడానికి పడే శ్రమ, లేచి స్నానం చేయడానికి పడే శ్రమ కంటే తక్కువేమీ కాదు. మాట్లాడాల్సి వచ్చేసరికి ఆమె తన దగ్గర మిగిలిన కాస్త ఓపికనూ ఆ ఒక్క మాటకు ఖర్చుపెట్టింది. నటి దాన్ని మామూలు గొంతుతో, కొంచెం ఉత్సాహంగా కూడా చెప్పాలి. దిగులుగా చెబితే సీను మొదటి ముసాయిదాకే తిరిగి వెళ్తుంది.

దీన్ని తీసే పద్ధతి చూద్దాం. కెమెరా స్టాండు మీద ఉండాలి, కూర్చున్న మనిషి ఛాతీ ఎత్తులో. ఫ్రేము ఒక అంచున స్నానాల గది తలుపు సగం కనిపించాలి. 35 ఎంఎం లెన్సు సరిపోతుంది. ఫోనుతో తీస్తుంటే జూమ్ చేయకుండా ఫోనునే జరపండి. ఒకే షాటు, 40 సెకన్లకు తగ్గకుండా. ఎడిటింగ్‌లో కూర్చున్నప్పుడు మధ్యలో ఆమె కళ్లు, ఆమె వేళ్లు పెట్టాలని చేతులు దురద పెడతాయి. పెట్టకండి. ప్రేక్షకుడికి 'ఇంకా లేవదేం?' అనిపించాలి. ఆ విసుగు మీకు శత్రువు కాదు, ఇంట్లోవాళ్లకు ఆమె మీద కలిగే విసుగే అది. దాన్ని ప్రేక్షకుడికి కలిగించి, తర్వాతి సీనులో అతన్ని సిగ్గుపడేలా చేయవచ్చు.

ఇక చప్పుడు. బకెట్ నిండే కొద్దీ నీటి చప్పుడు శ్రుతి పెరుగుతుంది, నీటి పైన మిగిలిన గాలి స్తంభం కురచవుతూ పోతుంది కాబట్టి. బకెట్ కంటికి కనిపించకపోయినా ఎంత నిండిందో చెవికి తెలిసిపోతుంది. సీనులో కాలాన్ని కొలిచేది అదే, నేపథ్య సంగీతం బదులు పనిచేసేదీ అదే. అందుకే షాటు తీసేటప్పుడు కుళాయి కట్టేసి, ఆ చప్పుడును విడిగా రికార్డు చేయండి. మైకు బకెట్ పక్కన కాకుండా గదిలో, నటి కూర్చున్న చోట ఉంచండి. వింటున్నది ఆమె కదా. 40 సెకన్లలో పెద్ద బకెట్ నిండదు. సగం నిండిన బకెట్‌తో మొదలుపెట్టండి, లేదా చిన్నది తీసుకోండి. చప్పుడును మధ్యలో కత్తిరించి అతికితే శ్రుతి ఒక్కసారిగా గెంతుతుంది, ఎంత మొద్దు చెవి అయినా పట్టేస్తుంది.

నటికి 'దిగులుగా కూర్చో' అని మాత్రం చెప్పకండి. అలా చెబితే ఎవరైనా భుజాలు వంచి నేల చూపులు చూస్తారు. 'లేవాలి. కానీ తువ్వాలు మడత సరిగా రాలేదు, ముందు అది చూడు' అని చెప్పండి. చేతికి పనిస్తే ముఖం దాని సంగతి అది చూసుకుంటుంది.

ఓసీడీ (వద్దన్నా వదలని ఆలోచనలు, చేసిందే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు) కథ రాసుకున్నవారికి ఇదే సూత్రం మరో రకంగా పనికొస్తుంది. చేతులు కడుక్కోవడం చూపిస్తే చాలనుకోవద్దు. శుభ్రత ఆ జబ్బుకు ఉన్న అనేక రూపాల్లో ఒకటి మాత్రమే. తాళం వేశానా లేదా అని వెనక్కి వచ్చే మనిషిని తీసుకోండి. మొదటిసారి, రెండోసారి, మూడోసారి, ప్రతిసారీ అదే ఫ్రేము, అదే నిడివి. వేగం పెంచితే నవ్వు పుట్టిస్తారు. తాళం పడిందని అతనికి తెలుసు, తెలిసినా కాళ్లు వెనక్కి లాగుతాయి. నాలుగోసారికి అతని ముఖంలో భయం కంటే ఇబ్బంది ఎక్కువ కనిపించాలి, ఎదురింటి వారెవరైనా చూస్తున్నారేమోనన్న ఇబ్బంది.

వినిపించే గొంతులు

స్కిజోఫ్రేనియా (లేని గొంతులు వినిపించడం, నిజం కానివి గట్టిగా నమ్మడం లాంటి లక్షణాలున్న మానసిక జబ్బు) ఎంచుకున్నవారు ఈ భాగాన్ని నిదానంగా చదవండి, ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. మొదటి మాట: ఒకే మనిషిలో ఇద్దరు మనుషులు ఉండటం స్కిజోఫ్రేనియా కాదు. అది పూర్తిగా వేరే సమస్య. మీ కథ మలుపు దాని మీద ఆధారపడి ఉంటే కథ మార్చుకోండి. రెండో మాట: ఈ జబ్బు ఉన్నవారిలో అత్యధికులు ఎవరి జోలికీ పోరు, హింసకు గురయ్యే ప్రమాదమే వారికి ఎక్కువ. చివరి సీనులో కత్తి ఉంటే అదీ తీసేయండి.

గణిత శాస్త్రవేత్త జాన్ నాష్‌కు 1994లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన జీవితం ఆధారంగా 2001లో వచ్చిన హాలీవుడ్ చిత్రంలో ఆయనకు లేని మనుషులు కనిపిస్తూ ఉంటారు. నిజ జీవితంలో నాష్‌ను వేధించినవి గొంతులు, భ్రమలతో కూడిన నమ్మకాలు. తెర మీద చూపించడానికి వీలుగా వాటికి మనుషుల రూపం ఇచ్చారు. వారికి రెండు గంటల సమయమూ పేరున్న నటులూ ఉన్నారు. మీ దగ్గర పది నిమిషాలున్నాయి. కానీ సౌండ్‌ట్రాక్ మీకూ ఉంది, అది ఖర్చు లేనిది.

సినిమాల్లో ఇలాంటి గొంతులకు ప్రతిధ్వని జోడించి, గుసగుసలుగా, దయ్యం పలికినట్టు వినిపిస్తారు. కానీ గొంతులు వినిపించే చాలామంది చెప్పేది వేరు: అచ్చంగా పక్క గదిలో ఎవరో మాట్లాడినట్టే ఉంటుందని. మామూలుగా ఉండటమే వాటిలోని భయం. అందుకని ఆ గొంతును సీను తీసిన గదిలోనే రికార్డు చేయండి. మైకు ప్రధాన నటుడి స్థానంలో ఉండాలి, మాట్లాడేవారు ఓరగా వేసిన తలుపు అవతల నిలబడాలి. ప్రతిధ్వని వద్దు, ఏ ఎఫెక్టూ వద్దు. అదే గదిలో ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం నిశ్శబ్దాన్ని కూడా రికార్డు చేసి దాచుకోండి. ఫ్రిజ్ ఆపేసి మరీ చేయండి. అతుకులు కనిపించకుండా చేసేది అదే.

గొంతు ఏమంటుంది? 'చంపు, చంపు' అని రాయకండి. జర్మన్ మనోవైద్యుడు కుర్ట్ ష్నైడర్ ఈ జబ్బును గుర్తించడానికి ముఖ్యమైనవిగా చెప్పిన లక్షణాల్లో ఒకటి, మనిషి చేసే ప్రతి పని మీదా గొంతు వ్యాఖ్యానిస్తూ ఉండటం. 'లేచాడు. పుస్తకం తీశాడు. చదవలేడు. చూడు, మళ్లీ అదే పేజీ.' అంతే. వాక్యాలు చప్పగా ఉన్నకొద్దీ మంచిది.

ఇప్పుడు దీన్ని పనితో ముడిపెట్టండి. మీ నాయకుడు తరగతిలో స్నేహితుడి మాట వింటున్నాడు. స్నేహితుడు రేపటి పరీక్ష గది ఎక్కడో చెబుతున్నాడు. సరిగ్గా గది నంబరు చెప్పే క్షణాన గొంతు అడ్డు వచ్చి దాన్ని మింగేస్తుంది. స్నేహితుడు: 'అర్థమైందా?' నాయకుడు తలూపుతాడు. ప్రేక్షకుడికీ నంబరు వినపడలేదు. జబ్బు అతని నుంచి ఏం లాక్కుంటుందో చెప్పడానికి వేరే డైలాగు అక్కర్లేదు. గొంతును ఎడమ స్పీకరుకు జరపాలన్న ఆలోచన మంచిదే, కానీ దాని మీదే ఆధారపడకండి. మీ సినిమాను ఎక్కువమంది ఫోను స్పీకరులో చూస్తారు, అక్కడ ఎడమా కుడీ తేడా దాదాపు మాయమైపోతుంది. తేడా గొంతు పడే క్షణంలో ఉండాలి.

వైద్యుల సీన్లు క్లుప్తంగా. మందులు రాసేది సైకియాట్రిస్టు, మాటల ద్వారా చికిత్స చేసేది సైకాలజిస్టు. స్క్రిప్టులో ఒకరి పని ఇంకొకరికి అంటగట్టకండి. కుంగుబాటు మందుల ప్రభావం తెలియడానికి సాధారణంగా 2 నుంచి 4 వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. నోరు ఎండటం, వికారం లాంటివి అంతకంటే ముందే రావచ్చు. మాత్ర మింగిన మర్నాడు చిరునవ్వు చూపించే సీనును, బల్ల మీద ఎప్పుడూ ఉండే నీళ్ల సీసాగా మార్చండి. షాక్ చికిత్స (మెదడుకు కొద్దిపాటి కరెంటు ఇచ్చి చేసేది) జోలికి వెళ్లకండి. ఇప్పుడు దాన్ని మత్తు, కండరాలు సడలించే మందు ఇచ్చి చేస్తారు. దాన్ని శిక్షలా చూపించే పాత అలవాటును సరిదిద్దడానికి పది నిమిషాలు చాలవు.

కథలో ఆత్మహత్య ప్రస్తావన ఉంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమా, నాటక రంగాల వారి కోసం ప్రత్యేకంగా ఇచ్చిన మార్గదర్శకాలు చదవకుండా షూటింగ్ మొదలుపెట్టవద్దు. వాటి సారంలో మీకు వెంటనే కావలసినవి ఇవి: ప్రయత్నాన్ని గానీ, పద్ధతిని గానీ చూపించకూడదు, ఒకే ఒక్క కారణాన్ని అంటగట్టకూడదు, సాయం అడిగితే దొరుకుతుందని కనిపించాలి. ఇది ముగింపును తీపి చేయమనడం కాదు. సాయం అడిగే ఫోను కలవడానికి పట్టే ఆ కొన్ని సెకన్లు కూడా మంచి సీనే. చివరి టైటిల్స్‌లో, సినిమా చూపించే చోట పనిచేసే సహాయవాణి నంబరు వేయండి. వేసేముందు మీరే ఫోను చేసి అది పలుకుతోందో లేదో చూడండి.

షూటింగ్ నాటికి రెండు జాగ్రత్తలు. కథ మీకు తెలిసినవారిదైతే పేరు మార్చినంత మాత్రాన సరిపోదు, వారి చుట్టూ ఉన్నవారు ఇట్టే పోల్చుకుంటారు. ముందే స్క్రిప్టు చదివించండి, ఎడిటింగ్ అయ్యాక కూడా 'వద్దు' అనే హక్కు వారికి ఉంచండి, ఆ మాట కాగితం మీద రాసివ్వండి. సినిమా పోతే పోతుంది. రెండోది నటుల గురించి. సొంత గాయాన్ని గుర్తు తెచ్చుకుని ఏడవమని ఎవరినీ అడగవద్దు. దర్శకుడికి ఆ తర్వాత సర్దే విద్య రాదు. షాటు ఆపడానికి అందరికీ తెలిసిన ఒక మాట ముందే పెట్టుకోండి, నటి ఆ మాట అన్న క్షణంలో ఎందుకని అడగకుండా కెమెరా ఆపండి.

అభ్యాసం

మీ అరపేజీలోంచి ఒక పని ఎంచుకోండి. ఆ పని మామూలు రోజున ఎంతసేపు పడుతుందో మీరే చేసి గడియారం చూసి రాసుకోండి. తర్వాత మీ పాత్ర దాన్ని ఎక్కడ ఆపుతుందో, ఆపి చేతులతో ఏం చేస్తుందో 10 వాక్యాల్లో రాయండి. 'బాధ', 'ఒంటరి', 'ఖాళీ', 'భయం' అనే మాటలు ఎక్కడా రాకూడదు. ఆ సీనును ఫోనుతో, ఒకే షాటుగా, సంగీతం లేకుండా తీయండి. కథ తెలియని ఒకరికి చూపించి ఒక్క ప్రశ్న అడగండి: 'ఈమె ఏం చేయాలనుకుంటోంది?' జవాబు సరిగ్గా వస్తే షాటు ఉంచుకోండి. 'ఈమెకు ఏమైంది?' అని వారే ఎదురు అడిగితే ఇంకా మంచిది. రెండూ కాకుండా 'పాపం' అంటే మళ్లీ తీయండి.

5వ పాఠంలో ఈ షాటును ఎడిటింగ్ బల్ల మీద పెడతాం. నీటి చప్పుడు లాంటి విడి శబ్దం ఒకటి మీ సీనుకు కూడా వెతికి, రికార్డు చేసి సిద్ధంగా ఉంచుకోండి.